గోలు దగ్గర కావలివాడు

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమె మాకు కొత్త మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా తణుకులో మా సంఘంలోనే, స్త్రీల వైపు మూడో వరుసలో కూర్చుంటుంది. ఏదో ప్రార్థన అంశం చెబుతుందనుకున్నాము. ఆమె కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి, "అన్నయ్యగారండీ, బంతాట ఆడితే పాపమాండీ?" అని అడిగింది.

ఆమె ఎందుకు అడిగిందో మాకు తెలుసు. ఆ ప్రశ్నకు సగం బాధ్యత మాది కూడా.

ఆమె కొడుకు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు. మా సండేస్కూల్లో చిన్నపిల్లల తరగతికి సహాయకుడుగా ఉండేవాడు. పిల్లలకు అభినయంతో పాటలు నేర్పడం, క్రిస్మస్ నాటికలో గొర్రెలకాపరులకు తలపాగాలు కట్టడం అన్నీ అతని పనే. పోటీల రోజులు వచ్చాయి. మ్యాచ్‌లు ఆదివారం ఉదయం పెట్టారు. వరుసగా నాలుగు ఆదివారాలు అతను రాలేదు, రానని ముందుగా చెప్పనూ లేదు. పిల్లలు చాపల మీద కూర్చుని ఎదురుచూసి, చివరకు అల్లరిచేసి ఇళ్లకు పోయారు. విషయం కమిటీ ముందుకు వచ్చింది. లోకంలో కలిసిపోయాడని ఒకరన్నారు. విశ్రాంతిదినం లెక్కలేదని ఇంకొకరన్నారు. సండేస్కూలు బాధ్యత నుంచి తప్పిద్దాం అనే మాట వచ్చినప్పుడు చేతులెత్తినవారిలో మేమూ ఉన్నాము. పది నిమిషాల్లో తేలిపోయింది. అతన్ని పిలిచి అడుగుదామని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు అతను గుడి మెట్లెక్కలేదు.

ఆ తల్లికి అప్పటికప్పుడు ఏదో సర్దిచెప్పి పంపాము గాని, ప్రశ్న మాత్రం మాతోనే ఇంటికొచ్చింది. ఆ వారమంతా వాక్యం తిరగేశాము. దానితోపాటు మన రాజధానిగా చాలాకాలం ఉన్న హైదరాబాదులో పుట్టిన ఒక గోల్‌కీపరు జీవితాన్నీ తిరగేశాము. ఆయన పేరు పీటర్ తంగరాజ్.

మన తణుకు ఫుట్‌బాల్ ఊరు కాదు. ఇక్కడ వరి కోతలయ్యాక మళ్లలో క్రికెట్టు, సంక్రాంతికి వాలీబాల్, కబడ్డీ. కాబట్టి తంగరాజ్ పేరు చెబితే తలూపేవారు మనలో తక్కువే. ఆయన 1935 డిసెంబరు 24న, అంటే సరిగ్గా క్రిస్మస్ ముందురోజు పుట్టాడు. పీటర్ అంటే మన పేతురే. సికింద్రాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టాడు. 1953లో సైన్యంలో చేరి, నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తంగరాజ్ మొదట గోల్‌కీపరు కాడు. సెంటర్ ఫార్వర్డ్. ఫుట్‌బాల్ తెలియని పాఠకుల కోసం చెబుతున్నాము: సెంటర్ ఫార్వర్డ్ అంటే ముందు వరుసలో ఉండి గోల్స్ కొట్టేవాడు. జనం చప్పట్లు అతనికే. మరునాడు పత్రికలో ఫోటో అతనిదే. గోల్‌కీపరు వెనక ఒంటరిగా నిలబడతాడు. తొంభై నిమిషాల్లో ఎనభై నిమిషాలు అతన్ని ఎవరూ చూడరు. చూసేది పొరపాటు చేసినప్పుడే. సైన్యంలో ఉండగానే తంగరాజ్ ముందు వరుస వదిలి ఆ వెనక చోటికి మారాడు. ఆరడుగులు దాటిన మనిషి, చేతులు పొడవు. ఆ చోటు ఆయనకు అమరింది. ఆయన జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలుచుకుంది. 1958లో ఆసియా ఖండంలోనే మేటి గోల్‌కీపరు అనే పేరు ఆయనకొచ్చింది. 1960లో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు కెప్టెన్ కూడా ఆయనే.

సంఘంలో మనం చూస్తున్నదేమిటి? పాట పాడే మైకు కోసం పోటీ ఉంటుంది. పండుగనాడు వేదిక మీద కుర్చీల కోసం అలకలుంటాయి. వాన పడినప్పుడు షామియానా తాళ్లు పట్టుకోవడానికి ఎవరున్నారంటే ఇద్దరే కనబడతారు. మేము ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, ఆ కుర్చీల్లో మేమూ కూర్చున్నవాళ్లమే. యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో దేవుడు ప్రవక్తను కావలివానిగా నియమించాడు. పట్టణమంతా నిద్రపోతుంటే గోడ మీద మేల్కొని ఉండేవాడు కావలివాడు. ఖడ్గం రావడం చూసి బూర ఊదకపోతే ఆ రక్తానికి అతడే ఉత్తరవాది. ఊదితే మాత్రం అతనికి ఎవరూ దండ వేయరు. గోల్‌కీపరు పని ఇంచుమించు అలాంటిదే.

తంగరాజ్ తిరిగిన దూరాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. విమానప్రయాణం అరుదైన ఆ రోజుల్లో 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1960లో రోమ్ ఒలింపిక్స్. ఆసియా క్రీడల కోసం 1958లో టోక్యో, 1962లో జకార్తా, 1966లో బ్యాంకాక్. మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. రోమ్‌లో హంగరీతో 1-2, పెరూతో 1-3 తేడాతో ఓడిపోయి, ఫ్రాన్సును మాత్రం 1-1తో నిలువరించింది. ఇక కలకత్తాలో ఆయన మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఈ మూడు క్లబ్బుల అభిమానుల మధ్య వైరం ఎలాంటిదో తెలిసినవారికి ఆ మూడు చొక్కాలు వేసుకుని గౌరవంగా బయటపడటం ఎంత కష్టమో తెలుస్తుంది. 1967లో అర్జున అవార్డు వచ్చింది.

అయితే మా మనసు నిలిచిపోయింది జకార్తా దగ్గర.

1962లో మన జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వాడే, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. జకార్తాకు వెళ్లేనాటికి ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను ఓడించింది. ఆ ఆటల్లో జర్నైల్ సింగ్ అనే డిఫెండరుకు తల పగిలి కుట్లు పడ్డాయి. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడుకున్నాడు. ఆయన బదులు ప్రద్యుత్ బర్మన్ అనే బెంగాలీ యువకుడు గోలు కాశాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించినప్పుడు గోలు దగ్గర ఉన్నవాడు బర్మనే.

ఫైనల్ మళ్లీ దక్షిణ కొరియాతోనే. సెప్టెంబరు 4. ఇజ్రాయేలును, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతదేశానికి చెందిన ఒక ఒలింపిక్ అధికారి తప్పుపట్టినందుకు ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా మనవారిని ఎగతాళి చేసే జనమే. మన పక్షాన అరిచినవారు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు.

రహీం ఆ రోజు రెండు పనులు చేశాడు. తలకు కుట్లున్న డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాడు. జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను గోలుకు తెచ్చాడు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా చివరి నిమిషాల్లో ఒక్క గోలు మాత్రం చేయగలిగింది. 2-1తో స్వర్ణం మనది. ఆ జట్టులో మన హైదరాబాద్ సికింద్రాబాదుల నుంచి తంగరాజ్‌తో పాటు తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఆ తర్వాత ఇప్పటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు.

ఇదంతా చదివి సంతోషించాక మాకు బర్మన్ గుర్తొచ్చాడు. సెమీఫైనల్ దాకా జట్టును తెచ్చినవాడు ఫైనల్ రోజున పక్కన కూర్చున్నాడు. అతనేం తప్పు చేయలేదు. కోచ్ లెక్క వేరు, అంతే. ఆ రోజు తంగరాజ్ గోలు దగ్గర నిలబడగలిగాడంటే, అంతకుముందు తాను మంచం మీద ఉన్నప్పుడు ఇంకొకడు ఆ చోటు కాపాడి పెట్టినందుకే. చోటు పోయినవాడి బాధ, చోటు తిరిగి దొరికినవాడి సంతోషం రెండూ తెలిసినవాడు కోచ్ అయితే పిల్లలకు మేలు.

తంగరాజ్ 1971లో ఆట మానేశాడు. అప్పటికి చాలా నగరాలు చూసినవాడు, పేరు సంపాదించినవాడు. తర్వాత శిక్షణ వైపు వచ్చాడు. చివరకు ఆయన స్థిరపడింది ఇటు హైదరాబాదూ కాదు, అటు కలకత్తా మైదానమూ కాదు, ఇప్పటి జార్ఖండ్‌లోని బొకారో ఉక్కు పట్టణంలో. 2008 నవంబరు 24న అక్కడే గుండెపోటుతో చనిపోయాడు. డెబ్బై మూడో పుట్టినరోజుకు సరిగ్గా నెల ముందు. రోమ్ నుంచి బొకారోకు వచ్చినవాడు కిందికి దిగినట్టా? లోకం లెక్కలో దిగినట్టే. పిల్లవాడి చేతులు పట్టుకుని బంతి ఛాతీకి ఎలా హత్తుకోవాలో చూపించే పని మెల్‌బోర్న్ కంటే చిన్నదని మేము మాత్రం అనుకోవడం లేదు.

హైదరాబాదు ఈ విషయంలో ధన్యమైన ఊరు. ఆడినవారు నేర్పేవారయ్యారు. సయ్యద్ నయీముద్దీన్ 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కంచుపతకం తెచ్చి, తర్వాత భారత జట్టుకూ, కలకత్తా పెద్ద క్లబ్బులకూ, బంగ్లాదేశ్‌లోనూ కోచ్‌గా పనిచేసి, 1990లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. వీళ్లందరికీ మూలపురుషుడు రహీం. ఆయన పిల్లలకు పెట్టిన ఒక పోటీ గురించి చదివి మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాము. ఆ పోటీలో ఆటగాడు బలమైన కాలితో బంతి తన్నకూడదు. కుడికాలి వాడు ఎడమకాలితోనే ఆడాలి. తన్నిన బంతి ఎటో పోతుంది, చూసేవాళ్లు నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ కాలికీ బలమొస్తుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుని, బలహీనతలోనే క్రీస్తు శక్తి సంపూర్ణమవుతుందని తెలుసుకున్న సంగతి (2 కొరింథీ 12) మనం ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాము. దాన్ని మైదానంలో ఇలా చూడవచ్చని మాకు ఇంతవరకు తోచలేదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. ఆట పాపమా?

పౌలుకు ఆటలంటే అంటరానివి కావు. కొరింథు దగ్గర రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి. ఆ ఊరివారికి రాస్తూ ఆయన పందెపు పరుగునూ, ముష్టియుద్ధాన్నీ, వాడిపోయే కిరీటాన్నీ ఎత్తుకున్నాడు (1 కొరింథీ 9:24-27). తిమోతికి రాస్తూ నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం రాదన్నాడు. ఆటను ద్వేషించేవాడు అలాంటి ఉపమానం వాడడు. కాని ఆదివారం సంగతి? అక్కడ మేము మెత్తబడలేము. ఎరిక్ లిడెల్ కథ యూత్ మీటింగుల్లో చాలాసార్లు చెప్పుకున్నదే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల తొలి పరుగు ఆదివారం పెట్టారని ఆ స్కాట్లండ్ యువకుడు దాన్ని వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లలో 47.6 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లిపోయాడు.

ఆ కథను మనం అక్కడితో ఆపేస్తాము. మిగతా భాగం ఎవరూ చెప్పరు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం లిడెల్‌ను వైషియన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు ఆయనే పంతులు, ఆయనే ఆటల కోచ్. ఆదివారం మాత్రం ఆటలు వద్దన్నాడు. పిల్లలు వినకుండా తమంతట తామే హాకీ ఆడి, కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం లిడెల్ స్వయంగా మైదానంలోకి వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. ఒలింపిక్స్ కోసం వదలని ఆదివారాన్ని తగవులాడుకునే పిల్లల కోసం వదిలాడు. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే, మెదడులో కణితితో మరణించాడు. ఈ రెండు ఆదివారాల్లో ఏది గొప్పదని అడిగితే మా దగ్గర తూకపురాయి లేదు. మొదటిది తనకోసం పెట్టుకున్న కట్టుబాటు, రెండోది ఇంకొకరి పిల్లల కోసం వేసిన అడుగు. మా కమిటీ మొదటి ఆదివారాన్ని తీసుకుని ఇంకొకరి మెడకు కట్టింది.

అపొస్తలుల కార్యాల్లో మార్కు అనే యువకుడున్నాడు. మొదటి సువార్త ప్రయాణంలో పౌలు బర్నబాలను పెర్గే దగ్గర వదిలేసి ఇంటికి పోయాడు. ఎందుకో వాక్యం చెప్పలేదు. రెండోసారి బయలుదేరేటప్పుడు బర్నబా అతన్ని తీసుకువెళ్దామన్నాడు, పౌలు ససేమిరా అన్నాడు. వాదం ముదిరి ఇద్దరూ చెరో దారి పట్టారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్ర వెళ్లాడు. ఆ తర్వాత బర్నబా పేరు ఆ గ్రంథంలో మళ్లీ రాదు. కాని ఏళ్ల తర్వాత చెరసాల నుంచి పౌలే తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతను తనకు పనికొస్తాడని చెప్పాడు (2 తిమోతి 4:11). పేతురైతే తన పత్రికలో అతన్ని కుమారుడనే అన్నాడు. పౌలు తప్పుచేశాడని అనడానికి మేమెవరం? సేవ మధ్యలో వదిలేసిన మనిషి మీద కోపం న్యాయమే. అయితే ఆ మధ్యకాలంలో కుప్రలో బర్నబా ఏం నేర్పాడో, ఎన్నిసార్లు నేర్పాడో అనేదే మాకు ముఖ్యం. మా కమిటీ గదిలో ఆ రోజు పౌలులు తొమ్మిదిమంది ఉన్నారు. బర్నబా ఒక్కడూ లేడు.

మొన్న సాయంత్రం ఆ అబ్బాయిని చూడటానికి వెళ్లాము. ఇంట్లో లేడు. మాసూళ్లయిన చేలో ఉన్నాడని తల్లి చెప్పింది. గట్టు మీద నడిచి వెళ్లేసరికి పదిహేనుమంది పిల్లలు కొయ్యకాళ్ల మధ్య బంతి వెనక పరుగెత్తుతున్నారు. వాళ్లలో ఆరుగురు మా సండేస్కూలు పిల్లలే. మమ్మల్ని చూసి ఇద్దరు గట్టు చాటుకు నక్కారు. గోలు గుర్తుగా రెండు వైపులా చెప్పులు కుప్పలు పోసుకున్నారు. వాటి మధ్య ఎనిమిదేళ్ల బుడతడు నిలబడ్డాడు, అతని వెనక మోకాళ్ల మీద మా పాత సహాయకుడు. బంతి వచ్చినప్పుడల్లా చేతులు చాచడం చూపిస్తున్నాడు. బుడతడు తప్పిపోయినప్పుడు అరవలేదు. బంతి తెచ్చి మళ్లీ అతని చేతికే ఇచ్చాడు.

ఆట ఆపి మా దగ్గరకొచ్చి చేతులు తుడుచుకుని వందనాలు చెప్పాడు. మేము ముందుగా క్షమాపణ చెప్పాము. చేయెత్తేముందు నిన్ను పిలిచి అడగవలసిందని అన్నాము. అతను తలవంచుకుని, "నేనూ చెప్పకుండా మానేశానండి. పిల్లలు కూర్చుని చూశారని తర్వాత తెలిసిందండి" అన్నాడు. తంగరాజ్ గురించి చెప్పాము. పేరు వినలేదట. జకార్తా సంగతి చెబుతుంటే పిల్లలు కూడా చుట్టూ చేరారు. జ్వరంతో ఉన్నవాణ్ణి ఎలా ఆడించారని ఒకడు అడిగాడు. మరి రెండోవాడు ఏడ్చాడా అని ఆ బుడతడు అడిగాడు.

సండేస్కూలుకు రమ్మని మేము అడగలేదు. అడిగే అధికారం ఒంటరిగా మాకు లేదు కూడా. అతని పేరు తిరిగి చేర్చమని కమిటీకి కాగితం రాసి ఇచ్చాము. వచ్చే శుక్రవారం కూర్చుంటారు. వ్యతిరేకించేవారు ఇద్దరున్నారని తెలుసు, వారితో ముందే మాట్లాడాలి.

చీకటి పడుతుండగా పిల్లలు చెప్పులు ఏరుకుని వెళ్లిపోయారు. గట్టు దాకా మాతో నడిచి వచ్చి అతను అడిగాడు.

"సండేస్కూలు ఇప్పుడు ఎన్నింటికండీ?"

తొమ్మిదికని చెప్పాము.

"ఈ వారం మ్యాచ్ ఆరున్నరకేనండి" అన్నాడు.